మురుగునీటికి మొక్కల మడి

నేటి ప్రసంగవిషయము మురుగునీరు. భోజనవేళకు ముందు దీనిని ప్రస్తావించుచున్నందుకు క్షమింపుడు. కాని మన యూళ్ళలో ఈ ప్రస్తావన ఎప్పుడు తెచ్చినను ఎవరికో ఒకరికి భోజనవేళయే యగుచున్నది. అందుచేతనే అది వాయిదాపడుచు వచ్చినది.

కృష్ణాడెల్టావారికి మంచినీళ్ళ చెరువన్న నేమో వేరుగ చెప్ప బనిలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిమ్మట, నూతులలో ఉప్పునీరు తప్ప పడని పల్లెలు సైతము ఒక్కొక చెరువు త్రవ్వుకొని, వేసవిలో కాలువ కట్టివేయకమునుపే దానిని నింపుకొని, మరల కాలువ వచ్చువరకు ఆ నీటితోనే ప్రాణములు నిలుపుకొన్నవి. 1957లో ప్రకాశం బరాజు వచ్చిన తరువాతను ఈ పద్ధతి మారలేదు. నా బాల్యమున ఆ చెరువుగట్టుపై చెప్పులతో నడచినవానిని మందలించు వృద్ధులుండిరి. గేదెల చెరువు వేరు, బట్టల రేవు వేరు, మంచినీళ్ళ రేవు వేరు. ఈ వేర్పాటును గూర్చి శాస్త్రము చదివినవా రెవ్వరును లేరు. అయినను ఎవ్వరును దానిని దాటలేదు.

ఇప్పుడు ఇంటింటికి కొళాయి వచ్చినది. 2019లో మొదలైన జలజీవన పథకము మనిషికి దినమునకు 55 లీటర్ల నీరిచ్చుట ఆశయముగ పెట్టుకొన్నది. ఆడువారు బిందె చంకనబెట్టుకొని నడచు శ్రమ తప్పుట మహోపకారమే. అయితే వచ్చిన నీటిలో నూటికి ఎనుబది పాళ్ళు వాడుకయై మరల వెలుపలికి వచ్చును. వేయిమంది గల యూరిలో అది దినమునకు 44,000 లీటర్లు. అంట్లు తోమిన నీరు, స్నానపు నీరు, సబ్బునీరు, పశువులపాక కడిగిన నీరు, కొన్ని యిండ్ల మరుగుదొడ్ల నీరు. బిందె మోసిన కాలమున నీరు విలువగలది, వాడినది కొంచెము. అది పెరటి అరటిచెట్టు పాదుకే చాలెడిది కాదు. నేడు పెరటిలో అరటిచెట్టు లేదు, సిమెంటు గచ్చున్నది. నీరు వీధి ప్రక్కకాలువ కెక్కి, పల్లమెరిగి పోవుచున్నది. ఆ పల్లమున నుండునది చాలచోట్ల మన చెరువు, కాదేని పంటబోదె, కాదేని మురుగుకోడు.

ఈ మురుగును మొక్కలచేత శుభ్రపరచవచ్చునన్న మాట నేను మొదట విన్నది ఒక పత్రికలో. విని నేను చేసిన తప్పు ముందుగ చెప్పి, పిదప విషయములోనికి పోయెదను. ఆ తప్పు చెప్పనిచో మీకు ఈ విషయము సగమే తెలియును.

నేనుపాధ్యాయుడనుగ నున్న కాలమున ఒక గ్రామమున, దాని పేరు చెప్పను, వీధులనీరు చేపల చెరువులో కలియుచుండెను. నీరు పచ్చబారి వాసన వేయుచుండగా పెద్దలు రామాలయపు అరుగుపై కూడి ఆలోచించిరి. గుర్రపుడెక్క మురుగులోని సారమును పీల్చి నీటిని తేర్చునని నేను చదివినది చెప్పితిని. అది అసత్యము గాదు. అమెరికాలో అంతరిక్ష పరిశోధనసంస్థయైన నాసా 1970 దశకమున మిసిసిపీ రాష్ట్రమున గుర్రపుడెక్క పెంచిన మడుగులలో మురుగునీటిని శుద్ధిచేసి చూపినది. నా మాట విని, కోడులో ఊరక దొరకు ఆ మొక్కను నాలుగు బండ్లు తెచ్చి చెరువులో వదలిరి. రెండు నెలలు నీరు తేరినట్లే కన్పట్టెను. నన్ను మెచ్చుకొనిరి కూడ.

ఎవ్వరును ఊహింపనిది దాని పెంపు. ఎండయు సారమును కుదిరినచోట ఈ మొక్క రెండు వారములలో రెట్టింపగును. ఒక సెంటు మేర వ్యాపించినది పదునారు వారములలో 256 సెంట్లు కావలెను. మా చెరువే అంత లేదు. పచ్చని తివాచి పరచినట్లు గట్టునుండి గట్టువరకు కప్పివేసి, ఎండను గాలిని నీటికి తగులనీయలేదు. క్రిందివి చచ్చి అడుగున క్రుళ్ళసాగెను. మార్గశిరమాసమున ఒక తెల్లవారుజామున చేపలన్నియు పొట్టలు పైకిచేసి తేలెను. చేపల పాట పాడుకొన్న యతడు వచ్చి మా యరుగుపై గడియసేపు మాటాడక కూర్చుండెను. పిదప, "మాస్టరుగారూ, మీరు చెప్పారని ఒప్పుకున్నానండి" అని మాత్రమని లేచిపోయెను. ఆ యేటి పాట సొమ్ము పంచాయతీవారు అతనికి తగ్గించిరి గాని, నాకు మాత్రము ఆ మాట తగ్గలేదు.

నేను చదువుట మానిన చోట ఆ వ్యాసములో నేమున్నదో తరువాత చూచుకొంటిని. నాసావారు పెరిగినదానిని పెరిగినట్లు కోసి గట్టునకు చేర్చుచుండిరి. కోతయే అందులోని కిటుకు. మొక్క మురుగులోని నత్రజనిని, భాస్వరమును తన దేహమున దాచుకొనునే గాని నశింపజేయదు. మొక్కను తీసివేసితిమా, ఆ సారము చెరువు నుండి తొలగినది. ఉంచితిమా, అది చచ్చి, దాచుకొన్నదంతయు వడ్డీతోకూడ నీటికే తిరిగి యిచ్చును. ఆ క్రుళ్ళుటలో నీటనున్న ప్రాణవాయువు ఖర్చగును. చేపలు చచ్చినది విషముచేత కాదు, ఊపిరాడక.

ఇచ్చట మన పూర్వుల మాట యొకటి గుర్తుకు వచ్చుచున్నది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున నలుబదియైదవ యధ్యాయములో కలకబారిన నీటిని తేర్చు వస్తువులు ఏడు చెప్పబడినవి. చిల్లగింజ, గోమేదకము, తామరదుంప, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి. ఏడింట రెండు నీటిమొక్కలకు సంబంధించినవగుట గమనింపదగినది. అంతకంటె గమనింపదగినది మరియొకటి. చెడిన నీటిని కాచుట, ఎండలో కాగనిచ్చుట, ఎఱ్ఱగ కాల్చిన ఇనుమునో ఇసుకనో అందు ముంచుట అను శుద్ధివిధులను ఆయన తేర్చుటతో కలిపివేయక వేరుగ చెప్పెను. తేరిన నీరు వేరు, శుద్ధమైన నీరు వేరు. మా యూరివారమును నేనును రెండు నెలలు మోసపోయినది ఈ భేదము మరచుటచేతనే. కంటికి తేటగనున్న నీటిలో విరేచనములు పుట్టించు క్రిములు కోట్లకొలది యుండవచ్చును.

మరి మొక్కలున్న చిత్తడినేల నీటిని నిజముగ శుభ్రపరచుట ఎట్లు? జమ్ము గాని కిక్కిస గాని పెరిగిన పల్లములో నీరు తొందరపడదు. దుబ్బుల నడుమ నిలిచి నిలిచి సాగుటచేత బురద అడుగున దిగును. జమ్ము కాడను విరిచి చూచినవారికి తెలియును, అందు గదులు గదులుగ గాలి నిండియుండును. ఆ కాడ తలమీది గాలిని వేళ్ళవరకు దింపును. ప్రాణవాయువు లేని నల్లని బురదలో ఒక్కొక వేరు చుట్టును వెంట్రుకవాసి మేర గాలితగులు పొర యేర్పడును. ఆ పొరలో, రాళ్ళపై బంకవలె పట్టిన జిగురులో, కంటికి కానరాని సూక్ష్మజీవులు కాపురముండి మురుగును తిని హరించును. గాలి తగులుచోట నొక జాతి నత్రజనిని ఒక రూపమునకు మార్చగా, గాలి తగులనిచోట మరియొక జాతి దానిని వాయువుగ మార్చి ఆకాశమునకు వదలును. వ్యాధిక్రిములు కొన్ని ఆకలిచేత, కొన్ని ఇతర జీవుల వాత బడి, కొన్ని కేవలము కాలము చాలుటచేత చచ్చును. కావున పని చేయునది మొక్క యొక్కటియే కాదు. మొక్క ఇల్లు కట్టి ఊపిరి పోయును, తినువారు వేరు. మొక్క తాను పీల్చుకొను సారము మొత్తములో స్వల్పభాగమే. మురుగు నెమ్మదించుటయు, లోతు తక్కువగుటయు, కాలము చిక్కుటయు కుదిరిననే ఈ సంసారము సాగును.

ఇంతటి మడి మనకు దైవదత్తముగ నొకటి యుండెను. కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఎన్నియో మురుగుకోళ్ళు అందు దిగును. ఉప్పుటేరు ద్వారమున ఆ నీరు సముద్రమునకు పోవును. మా గన్నవరపు ప్రాంతమువారికి బుడమేరు ఇరుగుపొరుగు. మైలవరపు కొండలనుండి దిగి, బెజవాడ మురుగును తోడుచేసికొని, ఎనికేపాడు వద్ద కాలువల క్రిందుగ దూరి వచ్చునది. దాని బలమేమో 2024 సెప్టెంబరు మొదటి దినములలో బెజవాడవారు ఇండ్లలో నీరు నింపుకొని చూచిరి. ఆ ఏరు తెచ్చు మురుగును కొల్లేటి కిక్కిసపొదలు తరతరములుగ వడపోసినవి. కొల్లేటివారు ఆ కిక్కిసను కోసి దడులు కట్టుకొనిరి, తుంగతో చాపలల్లుకొనిరి. వారు సరస్సును శుభ్రపరచుచున్నామని యెరుగరు. ఇంటిపనికి కోసికొనిరి, అంతే. అయినను కోత జరిగినది.

1980, 1990 దశకములలో చేపలచెరువుల గట్లు కొల్లేటిలోపలకు విశేషముగ ప్రాకెను. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడికలో చేర్చిరి. 2006లో గట్లను పగులగొట్టిరి. కొన్నిచోట్ల మరల లేచినవి. ఇందులో బీదల జీవనము చిక్కుకొన్నది గనుక, ఎవరు దోషులని ఇంటిలో కూర్చుండి తీర్పుచెప్పుట నాకిష్టము లేదు. నీటి సంగతి మాత్రము చెప్పగలను. గట్టువేసి లోతు చేసినచోట కిక్కిస లేదు. కిక్కిస లేనిచోట వడపోత లేదు. మిగిలిన నీటిపై గుర్రపుడెక్క పరచుకొన్నది. దక్షిణ అమెరికాలో పుట్టి, గడచిన శతాబ్దమునకు పూర్వమే పూవు అందమునకు మన దేశమునకు తేబడిన మొక్క అది. దానిని పెంచు సారమంతయు మనము పంపినదే.

కొల్లేరు చేసిన పనిని చిన్నమడిలో చేయింపవచ్చునని శాస్త్రరీతిని చూపినవారిలో జర్మనీ దేశపు కేతే జైదెల్ అను విదుషీమణి మొదటివరుసలోనిది. 1950 దశకమున ఆమె తుంగజాతి మొక్కలతో ప్రయోగములు మొదలిడినపుడు, మురుగులో పెద్దమొక్క బ్రదుకునా యని పండితులే శంకించిరి. కలకత్తా తూర్పున నున్న చిత్తడులలో ఇంకను విశేషము. ఆ మహానగరపు మురుగు సుమారు 12,500 హెక్టారుల మడుగులలోను పొలములలోను పారి, ఎండకు నాచుకు చేపలకు ఆహారమై, కూరగాయలుగ చేపలుగ మరల నగరమునకే చేరుచున్నది. దానిని నడుపువారు బెస్తలును రైతులును.

మన తెలుగునాట పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనసంస్థవారు, రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో వీధుల మురుగును జమ్ము, మెట్టతామర నాటిన మడిద్వారా పారించి, ఆ నీటిని పొలమునకు వాడించిరి. హైదరాబాదునందలి నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2వ తేదీని 3,000 చదరపుటడుగుల తెప్పపై వట్టివేరు, మెట్టతామర, జమ్ము నాటి నీటిపై తేలవిడిచిరి. వేళ్ళు నీటిలో వ్రేలాడుచు పనిచేయును. చెరువు ఇదివరకే చెడినచోట తెప్ప మంచిది. మన పల్లెలకు మాత్రము మురుగు చెరువును చేరకమునుపే అడ్డముపడు మడి మేలని నా యభిప్రాయము. ఎంగిలి విస్తరి వంటయింటిలోనికి రానిచ్చి పిదప కడుగుటకంటె గుమ్మమువద్దనే ఆపుట తేలిక.

మడికి చాలినంత చోటు కావలెను. వేయిమందికి వేయి చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు 25 సెంట్లు. రెండడుగుల లోతున కంకర నింపినచో రాళ్ళ నడుమ నూటికి నలుబది పాళ్ళు ఖాళీ యుండును గదా. ఆ ఖాళీలో 2,40,000 లీటర్లు పట్టును. దినమునకు 44,000 లీటర్లు వచ్చినచో నీరు అందులో అయిదుదినములకు పైగా నిలుచును. అంత వ్యవధి చాలును. మడికి ముందు ఒక తేరుడుగుంట యుండితీరవలెను. ఇసుక, జిడ్డు, ప్లాస్టిక్ సంచులు అచ్చటనే ఆగనిచో కంకర రెండేండ్లలో బిగిసిపోవును. అడుగు నూరడుగులకు ఒక అడుగు వాలుగ నుండవలెను. మన నల్లరేగడి మట్టినే తొక్కించి అడుగున పరచిన నీరు భూమిలోనికి దిగదు. భూగర్భజలము పైకి వచ్చు పల్లపుచోట మడిని త్రవ్వక గట్టుకట్టి యెత్తుగ చేసికొనవలెను. లేనిచో వానకాలమున ఊరినీరు మడిలోనికి, మడినీరు ఊటలోనికి పోవును.

నీరు కంకర పైతట్టుకు రెండు మూడంగుళములు క్రిందుగ పారవలెను. ఇది చిన్నమాటవలె తోచును గాని, దోమల సంగతి దీనిమీదనే యాధారపడియున్నది. ఎండుగ నున్న కంకరపై దోమ గ్రుడ్లు పెట్టలేదు. వాసనయు అణగును. నీటిమట్టము నిలుపుటకు బయటిచివర వంపుగొట్టము పెట్టి, దానిని వంచి యెత్తి సవరించుకొందురు.

జమ్ము, కిక్కిస, మెట్టతామర మన కోళ్ళగట్లపైననే దొరకును. కొనవలసిన పనిలేదు. గుర్రపుడెక్కను మాత్రము ఈ మడి దాపునకు రానీయకుడు. నా యనుభవము చాలును. ఏడాదికి రెండు పర్యాయములు దుబ్బులను జానెడు విడిచి కోయవలెను. కోసినది పందిళ్ళకు, దడులకు, ఎరువుగుంటకు పనికివచ్చును. ఈ కోతకు కూలి ఎవరిత్తురో మడి త్రవ్వకమునుపే పంచాయతీ పుస్తకములో వ్రాసికొనుడు. త్రవ్వుటకు సొమ్ము వచ్చుటయు, త్రవ్విననాడు కొబ్బరికాయ కొట్టుటకు పదిమంది వచ్చుటయు కలదు. మూడవయేట కొడవలి పట్టుకొని వచ్చువా డెవడన్నదే ప్రశ్న. ఆ పనిని పూర్వమువలె ఒక్క కులమువారి నెత్తిన వేసి, మనము ముక్కు మూసికొని దూరముగ నిలుచుట ఇక చెల్లదు. మురుగు అందరి యిండ్లది.

దీనిచేత కాని పనులును గలవు. మడినుండి వచ్చిన నీరు త్రాగుటకు పనికిరాదు. పశువులకు గడ్డి పెంచుటకు, కొబ్బరితోటకు, అరటికి పనికివచ్చును. పచ్చిగ తిను ఆకుకూరలపై చల్లరాదు. ఫ్యాక్టరీనీటిలోని సీసము, క్రోమియము వంటి లోహములను మొక్క పీల్చుకొనును గాని, అవి మొక్కలోనే యుండును. అట్టి చోట కోసినదానిని గేదెకు వేసినచో లోహము పాలలోనికి ప్రయాణము కట్టును. పురుగుమందుల డబ్బాలు కడిగిన నీరు మడిలో పోసిన, కాపురమున్న సూక్ష్మజీవులే చచ్చును. మరుగుదొడ్డి నీటిని సెప్టిక్ గుంటలో నిలుపక నేరుగ పంపినను మడి ఓర్వదు.

మా వీధి చివర, ప్రక్కకాలువ చెరువులో కలియుచోట, కొంత పోరంబోకు గలదు. ఈ మధ్య పంచాయతీవారు గొలుసు వేసి కొలువగా 31 సెంట్లు తేలినది. అందులో ఆరు సెంట్లు ఒకరి గడ్డివాము క్రింద నున్నది. ఆ వామి యజమాని నాకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనతో మాటాడు భారము నాపై పెట్టిరి. వెళ్ళితిని. కాఫీ యిచ్చి, "గుర్రపుడెక్క పంతులుగారా, రండి" అని నవ్వెను. వామి ఫాల్గుణమునాటికి తరుగును, అప్పుడు చూతమనెను. ఫాల్గుణము తరువాత కాలువ కట్టుదురు; నేల యారును; త్రవ్వుటకు అదియే యదను. మరల కాలువ విడిచిన వారముననే దుబ్బులు మూరెడెడముగ నాటినచో, తొలకరి వానలకు వేళ్ళు కంకర పట్టును. మొదటి మూడు నెలలు మురుగును సగమే మడిలోనికి వదలవలెను; తక్కిన సగము ఇప్పటివలెనే పోవును. వేళ్ళు అడుగు తాకినదాక పూర్తినీరు పెట్టరాదు.